మజాజీ ఖుదా: షిర్క్ అనే మాట ఎవరి కోసం?

‘షిర్క్’ అనే మాట నేను మొదటిసారి విన్నది మా నానీ గురించే. నానీ ఏటా జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు వెళ్లేది. మలీద ముద్దలు, ఊదు పట్టుకుని, మనవడి జ్వరం తగ్గితే కందూరు చేస్తానని మొక్కుకుని వచ్చేది. దర్గా మెట్ల మీద ఆమె పక్కనే అదే మొక్కుతో లంబాడా అమ్మలు, మాల మాదిగ అమ్మలు, రెడ్ల ఇంటి అమ్మలు కూచునేవారు. పట్నంలో నాలుగేళ్లుండి దీన్ నేర్చుకుని వచ్చిన మా ఖాలా కొడుకు ఒకరోజు ఆమె చేతికున్న దర్గా తాడు కత్తెరతో తెంపి, ‘ఇది షిర్క్ నానీ, దీనికి మాఫీ లేదు’ అన్నాడు. నానీ తాడు ముక్క చేతిలో పట్టుకుని, ‘పెద్దోళ్లకు సలాం చేస్తే అల్లా అలుగుతాడా బిడ్డా?’ అంది. అతను జవాబు చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత అతని కూతురి నిఖా జరిగింది. సాగనంపేటప్పుడు పెద్దామె ఒకావిడ పిల్ల గడ్డం పట్టుకుని, ‘మొగుడంటే మజాజీ ఖుదా, యాదుంచుకో’ అంది. మజాజీ ఖుదా అంటే భూమ్మీది దేవుడు, దేవుడికి ప్రతిరూపం లాంటివాడు అని. మన తెలుగులో పతియే ప్రత్యక్ష దైవం అంటారే, అదే. పక్కనే ఉన్న మా భాయి అవునన్నట్టు తలూపాడు. తాడులో షిర్క్ చూసిన మనిషికి ఈ మాటలో ఎందుకు కనబడలేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట పోయే ప్రయత్నం.

షిర్క్ మాటకు మూలం ‘పంచుకోవడం, భాగం కలపడం’. షరీకు అన్నా, మన దస్తావేజుల్లో రాసే షరాకతు అన్నా ఆ వేరు నుంచి వచ్చినవే. దేవుడి దైవత్వంలో, అధికారంలో ఇంకొకరికి వాటా కలపడం షిర్క్. దేవుడు ఒక్కడే అనే తౌహీద్‌కు ఇది పూర్తిగా వ్యతిరేకం. తౌబా చేసుకోకుండా ఈ పాపంతో చనిపోయినవారికి క్షమాపణ లేదని నిసా సూరా (4:48) ఆధారంగా వ్యాఖ్యాతలు చెబుతారు. సాధారణంగా మనకు ఇంతవరకే చెబుతారు. విగ్రహం, సమాధి, తాయెత్తు, అంతే.

కానీ ఖురాన్ అక్కడితో ఆగలేదు. తన కోరికనే దేవుణ్ణి చేసుకున్న మనిషి గురించి మాట్లాడింది (25:43). మతపెద్దలను దేవుడికి సాటిగా ప్రభువులను చేసుకున్నవారిని తప్పుపట్టింది (9:31). పెద్దలు హలాల్ అంటే హలాల్, హరాం అంటే హరాం అని గుడ్డిగా ఒప్పుకోవడమే వాళ్లను పూజించడం అని దానికి హదీసు వివరణ ఉంది. నలుగురూ చూడాలని నమాజు అందంగా చదవడం కూడా చిన్న షిర్కే అని మరో హదీసు. అంటే షిర్క్ రాతికీ తాడుకీ సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ఎవరి మాటకు చివరి అధికారం ఇస్తున్నాం అన్న సంగతి కూడా.

లుక్మాన్ సూరా చూడండి. లుక్మాన్ కొడుకుతో షిర్క్ పెద్ద జుల్మ్ అంటాడు (31:13). జుల్మ్ అంటే అన్యాయం. వెంటనే వచ్చే వాక్యంలో బిడ్డను మోసి అలసిపోయిన తల్లి ప్రస్తావన ఉంది. ఆ తర్వాత, తల్లిదండ్రులే షిర్క్ వైపు నెట్టినా వినొద్దని, అయినా వాళ్లతో మంచిగా మెలగమని ఉంది. మనుషులకు చూపే విధేయతకు అక్కడ ఒక హద్దు గీశారు.

మరి ఆ హద్దు పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చెరిగిపోయింది? మన దేశంలో షా ఇస్మాయిల్ దెహ్లవీ (1779–1831) రాసిన ‘తక్వియతుల్ ఈమాన్’ నుంచి దర్గా ఆచారాల మీద పెద్ద వాదం నడుస్తూ వచ్చింది. ఆ సంస్కరణ ఆడవాళ్ల దాకా చేరింది ముఖ్యంగా మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ (1863–1943) ‘బహిష్తీ జేవర్’తో. ఎన్నో ఇళ్లల్లో పెళ్లికూతురి సామానుతో పాటు పంపిన పుస్తకం అది. ఆడపిల్లలు చదువుకోవాలని చెప్పినందుకు దాన్ని తీసిపారేయలేం. అయితే మొక్కులు, నమ్మకాలు, శకునాలలో షిర్క్ ఏది అని లెక్కపెట్టిన అదే పుస్తకం, భర్త హక్కుల దగ్గర ఒక హదీసును గుర్తుచేస్తుంది. దేవుడికి తప్ప ఇంకెవరికైనా సజ్దా చేయమని చెప్పాల్సి వస్తే, భార్యను భర్తకు చేయమని చెప్పేవాణ్ణని దాని భావం. ఒకే జిల్దులో ఒకచోట తాడు షిర్క్, ఇంకోచోట మొగుడు సజ్దాకు ఒక్క మెట్టు దూరం.

ఈ హదీసును ఖాలిద్ అబూ అల్ ఫజల్ తన 2001 నాటి పుస్తకంలో గట్టిగా ప్రశ్నించాడు. భర్త స్థానాన్ని దేవుడి స్థానం పక్కకు తెచ్చే మాటకు మామూలు రుజువు సరిపోదు, విశ్వాసపు పునాదినే తాకుతోంది కాబట్టి చాలా బలమైన రుజువు కావాలి అన్నది అతని వాదన.

ఇంకా ముందుకు వెళ్లినవాళ్లు ఇద్దరు ఆడవాళ్లు. ఆఫ్రికన్ అమెరికన్ పండితురాలు అమీనా వదూద్, ‘ఖురాన్ అండ్ వుమన్’ (1992) రాసి, 2005 మార్చి 18న న్యూయార్క్‌లో ఆడామగా కలిసిన జుమా నమాజుకు ఇమామత్ చేసింది. ఆమె ఒక త్రికోణం గీస్తుంది. పైన అల్లా. కింద ఒకే గీత మీద స్త్రీ, పురుషుడు. పురుషుణ్ణి స్త్రీకి పైన పెట్టామంటే అతను ఆమెకూ దేవుడికీ మధ్య నిలబడ్డట్టే. అది తౌహీద్‌కు భంగం. పాకిస్తాన్‌లో పుట్టి, జియా ఉల్ హక్ కాలంలో విదేశాంగ శాఖ ఉద్యోగం పోగొట్టుకుని అమెరికాలో స్థిరపడిన అస్మా బర్లాస్ (‘బిలీవింగ్ విమెన్ ఇన్ ఇస్లాం’, 2002) ఇదే దారిలో ఇంకో మాట అంటుంది. ఇస్లాంలో దేవుడు తండ్రి కాడు, మగవాడూ కాడు. కాబట్టి ఇంట్లో తండ్రికీ మొగుడికీ దేవుడి పాలనలో వాటా లేదు. విగ్రహాలను వదలని తండ్రిని కాదని వెళ్లిపోయిన ఇబ్రాహీం కథను ఆమె పితృ అధికారాన్ని ధిక్కరించిన కథగా చదువుతుంది.

వీళ్లను చదివినప్పుడు నాకు పెద్ద ఊరట కలిగింది. మన ముందు విసిరిన కత్తెర పిడిని మన చేతికే ఇచ్చినట్టనిపించింది. అయినా నాకు రెండు ఇబ్బందులున్నాయి.

ఒకటి, ఐషా హిదాయతుల్లా 2014లో లేవనెత్తిన తరహా ప్రశ్న. మనం ఇవాళ సమానత్వం అనేదాన్ని పట్టుకుని దేవుడి ఉద్దేశం కూడా ఇదేనంటే, మనమూ దేవుడి తరఫున మాట్లాడినట్టు కాదా? పురుషులను స్త్రీల మీద ‘కవ్వామూన్’ అన్న 4:34ను తౌహీద్ ఒక్కటే కరిగించలేదు. వదూద్ కూడా 2006 నాటికి ఆ వాక్యాన్ని అక్షరాలా అమలు చేయడానికి ‘కాదు’ అని చెప్పాల్సి వచ్చింది. ఆ నిజాయితీ ఆమె వ్యాఖ్యానాల కంటే నాకు ఎక్కువ నచ్చింది.

రెండోది మా నానీ. మొగుణ్ణి దేవుడి పక్కనుంచి దించిన ఈ తౌహీద్, నానీని దర్గా మెట్ల మీద నుంచి కూడా దించేస్తుందా? మసీదులో చోటు లేని మా ఊరి ఆడవాళ్లకు మతంలో దొరికిన జాగా ఆ మెట్లే. దర్గాను షిర్క్ అననివాళ్లు ఆడవాళ్లను రానిస్తున్నారా అంటే అదీ లేదు. ముంబయి హాజీ అలీ దర్గా ట్రస్టు, పురుష వలీ సమాధి దగ్గరికి ఆడవాళ్లు రావడం ఘోర పాపమని వాదించింది. భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ కార్యకర్తలు కోర్టుకెక్కి, 2016 ఆగస్టులో బొంబాయి హైకోర్టు తీర్పు తెచ్చుకున్నాకే లోపలికి అడుగు పెట్టగలిగారు. షిర్క్ అన్నా, కాదన్నా పక్కకు జరగమన్నది ఆడవాళ్లనే.

అందుకే షిర్క్ మాటను తిప్పి మగవాళ్ల మీద వేస్తే చాలదనుకుంటున్నాను. ఆ మాటను మళ్లీ దాని మొదటి అర్థానికి తేవాలి. నానీ పీరును దేవుడనుకోలేదు, పీరు ఆమెను కొట్టనూలేదు, ఎక్కడికి పోయావని అడగనూలేదు. తన జీవితం మీద చివరి మాట పీరుది అని ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ చివరి మాట కావాలన్నవాళ్లు ఇంట్లోనే ఉన్నారు.

నిఖా రోజు నేను నోరు విప్పలేదు. వారం తర్వాత పిల్ల ఫోన్ చేసింది. ‘ఫూఫీ, మజాజీ ఖుదా అని ఖురాన్‌లో ఉందా?’ అని మెల్లగా అడిగింది. లేదని చెప్పాను. లుక్మాన్ సూరా పదమూడు నుంచి పదిహేను దాకా చదవమన్నాను. కాసేపాగి, ‘మా ఇంట్లో ఆ మాట అంటే?’ అంది. ‘మీ అబ్బా నానీకి చెప్పిన మాటే వాళ్లకూ చెప్పు’ అన్నాను.