దావా ఆగితే ఎవరికి లాభం?

"మిలిట్రీలో ఉండేవాని మీద దావా చెల్లదంట గదన్నా?" ఈ వారం ఆదోని మార్కెట్ యార్డు ఎదుటి టీ అంగట్లో ఒకతను అడిగాడు. చదువుకున్నవాడే. ఫోన్లో ఎవరో పంపిన వీడియో కూడా చూపించాడు. అతని చెల్లెలు ఎమ్మిగనూరులో ఉంటుంది, భర్తకు సరిహద్దులో డ్యూటీ. బోరు వేయించడానికి అతను రాసిచ్చిన ప్రోనోటు మీద దావా పడింది. కోర్టు మనిషి వస్తే తలుపు వేసుకోమని, కాగితం ముట్టుకోవద్దని వీడియో సలహా. ఇలాంటి సలహాల మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు.

అబద్ధానికి కూడా ఎక్కడో ఒక నిజం వేరుగా ఉంటుంది. 1950 నాటి ఆర్మీ చట్టం 28వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీ కింద సైనికుడి జీతభత్యాలను జప్తు చేయకూడదు. 29వ సెక్షన్ ప్రకారం అప్పు కోసం అతన్ని అరెస్టు చేయకూడదు. ఈ రెండు "కూడదు"లూ నోళ్లు మారి "దావా వేయకూడదు" దాకా వచ్చాయి. దావా నిక్షేపంగా వేయొచ్చు. జీతం జోలికి పోకపోయినా ఊళ్లో అతని పేరిట ఉన్న చేను మీదికి, స్థలం మీదికి డిక్రీ వస్తుంది.

మా నాయన ఆదోనిలో వకీలు గుమాస్తా. ఆయన ప్రస్తావన లేకుండా నెల గడవదని మీరు వెక్కిరిస్తారు, ఈ నెల వంతు ఇదే అనుకోండి. ఆయన దావా కాగితాన్ని మొదటి పేజీ నుంచి చదివేవాడు కాదు. వాది ఎంత ఘోరంగా మోసపోయాడో రాసిన పేరాలను దాటేసి, ముందు ప్రతివాది చిరునామా చూసేవాడు. మనిషి నిజంగా అక్కడ ఉంటున్నాడా? తర్వాత తేదీలు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకు రాసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. చివరికి నోటు తిరగేసి వెనక వైపు చూసేవాడు. అసలు కథంతా అక్కడే ఉంటుందనేవాడు.

వెనక వైపు చెల్లు ఉంటుంది. కట్టిన సొమ్ము, తేదీ, కట్టినవాని సంతకం. అప్పు తగ్గిందనడానికి అది రుజువు, అప్పుకు మళ్లీ మూడేళ్ల ఆయుష్షు పోసేదీ అదే. అందుకే గడువు తీరే ముందు కొందరు అప్పులవాళ్లు మొగుడు లేని వేళ చూసి వస్తారు. "ఐదొందలు ఇయ్యమ్మా చాలు, ఈడొక సంతకం పెట్టు" అంటారు. అప్పున్నవాడో, అతను అధికారమిచ్చిన మనిషో కడితేనే ఆ చెల్లుకు బలం. భార్య అయినంత మాత్రాన ఆమెకు ఆ అధికారం రాదు. అయినా సంతకం పడిందంటే కోర్టులో ఒక వాదం పుట్టినట్టే. చెల్లు రాయించుకోండి అని ఇన్నేళ్లుగా పోరుతున్నవాణ్ణే, ఇక్కడ మాత్రం ఆయన లేనప్పుడు ఆయన నోటు మీద మీ చెయ్యి పడనీయకండి అంటున్నాను.

నాయన కాలంలో సమన్లది వేరే తీరు. కోసిగి, పెద్దకడబూరు వైపు ఊళ్లలో మగవాళ్లు సుగ్గికి వలస పోయి ఉంటే, కోర్టు జవాను గడపలో నిలబడి అడిగి వెనక్కి పోయేవాడు. ఇంట్లో లేనివాని సమన్లు కుటుంబంలో వయసొచ్చిన మగవానికే ఇవ్వాలని అప్పట్లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది. భార్య ఎదురుగా నిలబడి ఉన్నా చట్టం లెక్కలో ఆ ఇంట్లో మనిషి లేనట్టే! 1976 సవరణతో ఆడవాళ్లకు ఇచ్చినా చెల్లుతుందని మార్చారు. అప్పటి నుంచి ఆమె తీసుకోనంటే తలుపుకు అంటించి పోవచ్చు. వాయిదాకు ఎవరూ రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ. వీడియోలో పెద్దమనిషి ఇంకా పాత రోజుల్లోనే ఉన్నాడు.

సైనికుడికైతే దారి వేరు. అతని సమన్లను కోర్టు కమాండింగ్ ఆఫీసరుకు పంపాలని అదే కోడ్ చెబుతుంది. కాబట్టి మొదట చేయాల్సిన పని, ప్రతివాది ఇంట్లో లేడు, ఫలానా యూనిట్‌లో ఉన్నాడు అని కోర్టుకు రాతపూర్వకంగా తెలియజేయడం. ఆ పైన నాకు చాలా ఇష్టమైన చట్టం ఒకటుంది, 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం. యుద్ధంలోనో, విదేశంలోనో, ప్రభుత్వం నోటిఫై చేసిన చోటనో ఉన్న సైనికుడు కోర్టుకు రాలేడని సైన్యంలో అధికారం ఉన్నవారు సర్టిఫికెట్ ఇస్తే కోర్టు దావాను వాయిదా వేయాలి. అతను లేకుండా డిక్రీ అయిపోయినా రద్దు కోరవచ్చు. అమెరికాలో ఇంకా ముందుకెళ్లారు. ప్రతివాది సైన్యంలో ఉన్నాడో లేదో వాది ప్రమాణపత్రం ఇవ్వనిదే అక్కడ ఏకపక్ష తీర్పు రాదు. చేరకముందు చేసిన అప్పుకు, సైనికుడు రాతపూర్వకంగా కోరితే, సర్వీసులో ఉన్నంతకాలం ఏడాదికి నూటికి 6 కంటే ఎక్కువ వడ్డీ కూడదు.

ఇదంతా చెబితే టీ అంగట్లో అతనికి ఉత్సాహం వచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టాడు. "నోటు రాసి మూడేళ్లు దాటిపాయనన్నా! దావానే కాలం చెల్లిందే!" అప్పుడు ఆ 1925 చట్టంలోని 11వ సెక్షన్ చెప్పక తప్పలేదు. సైనికుడు పక్షంగా ఉన్న ఏ దావాకైనా గడువు లెక్కించేటప్పుడు అతను ఆ ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేసిన కాలాన్ని తీసేయాలి. సైనికుడు వేసే దావాకు మాత్రమే అని అక్కడ లేదు. ఏ పక్షమైనా సరే. అంటే బావ సరిహద్దులో గడిపిన నెలలు అప్పిచ్చినవాని గడువులోనూ కలిసొస్తాయి.

వాయిదా సంగతీ అంతే. దావా ఆగుతుంది గానీ వడ్డీ ఆగుతుందన్న హామీ లేదు, నడిచే దావాకు వడ్డీ ఎంతన్నది కోర్టు ఇష్టం. అప్పిచ్చినవాడు వీధిలో ఎదురుపడటం ఆగదు. ఆ ఎదురుపాటు సరిహద్దులో ఉన్నాయనకు కాదు, ఎమ్మిగనూరులో నీళ్ల బిందెతో నిలబడిన ఆమెకు. నాకు ఇష్టమైన చట్టం సైనికుణ్ణి కాపాడుతుంది, అతని భార్యను ఎదురుచూపుల్లో కూర్చోబెడుతుంది.

అందుకే ఆ చెల్లెలికి చెప్పమన్నది వేరే. సమన్లు తీసుకో, తీసుకున్న తేదీ రాసుకో. సివిల్ ప్రొసీజర్ కోడ్ 28వ ఆర్డర్ కింద, సెలవు దొరకని సైనికుడు తన తరఫున దావా నడిపే అధికారం ఎవరికైనా రాసివ్వవచ్చు. ఆఫీసరు ఎదుట సంతకం పెట్టి, ఆయన చేత కూడా సంతకం చేయించి కోర్టులో దాఖలు చేస్తే చాలు. భర్త చేత ఆ కాగితం తెప్పించుకుంటే వకీలును పెట్టుకోవడం, జవాబు దావా వేయడం ఆమె చేతిలోకి వస్తాయి. వకీలుకు డబ్బు లేకపోతే ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవల సంస్థ ఉచితంగా ఇస్తుంది.

ఆమె చేయలేనిది ఒకటుంది. అతనికి మాత్రమే తెలిసిన సంగతికి అతని బదులు సాక్ష్యం చెప్పలేదు, 2004లో జానకీ భోజ్వాని కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. సొమ్ము ఎంత చేతికందిందో అతనే చెప్పాలి. దానికి ఆర్మీ చట్టం 32వ సెక్షన్ ఉంది. దావా కోసం సెలవు పెట్టానని మిలిటరీ సర్టిఫికెట్ చూపి అడిగితే, వీలైనంతవరకు ఆ సెలవులోపే విచారించి తేల్చేయాలి. ఆపమని అడిగే చట్టం ఊరందరికీ తెలుసు, తొందరపెట్టమని అడిగే ఈ సెక్షన్ ఎవరి నోటా వినలేదు. అప్పు నిజమైతే అంతవరకూ ఎందుకు? అధికార పత్రంలో రాజీకి కూడా అనుమతి రాయించుకుని లోక్ అదాలత్‌లో తెంచుకోవచ్చు. ఆ రాజీ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

"ఆపుకునే హక్కుండి ఎందుకన్నా తొందర?" అన్నాడు. ఆ హక్కు మీ బావది, కాచుక్కూర్చునేది మీ చెల్లెలు. ముందు ఆమెను అడిగి రమ్మన్నాను.