మూత తీసిన తేనె పెట్టె

చలికాలం మొదట్లో అరకు లోయలో వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు పూస్తాయి. వాటి గట్ల మీద తేనె పెట్టెలుంటాయి, చీమలెక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలతో. చెట్టు తొర్రల్లో కాపురముండే మన నాటు ఈగలే వీటిలోనూ ఉండేది. మూత తీయగానే పిల్లలు పరుగు లంకించుకుంటారు, మళ్లీ ఒక్కొక్కరే దగ్గరికి జరుగుతారు. కాస్త పొగ వదిలి, పెంపకందారు చట్రాన్ని రెండు కొసలా పట్టి నిటారుగా పైకి తీస్తారు. ఆ చెయ్యి ఎక్కడా తొందరపడదు. ఒక్క ఈగ నలిగినా ఆ వాసనకే మిగతావి రేగుతాయి. పొడుగాటి పొట్టతో రాణి ఈగ నడుస్తుంటే కూలి ఈగలు తప్పుకొని దారిస్తాయి. ఆయన ఒక మగ ఈగను ఏరి ఓ పిల్ల అరచేతిలో పెడతారు.

"కుట్టదా తాతా?"

"దీనికి ముల్లే లేదమ్మా!"

అప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి.

నాకు మరీ ముచ్చటేసేది తేనె తీసే తీరు. ఈగలు గదులకు మైనపు మూత వేశాయంటే తేనె చిక్కబడినట్టే. ఆ మూతల్ని కత్తితో పల్చగా చెక్కి, చట్రాన్ని డ్రమ్ములో నిలబెట్టి హ్యాండిల్ తిప్పితే తేనె గోడకు చిమ్మి కిందికి జారుతుంది. పట్టు చెదరదు. మళ్లీ పెట్టెలోకే వెళ్తుంది, కొత్తగా మైనం కట్టే శ్రమ ఈగలకు తప్పుతుంది. గుడ్లూ పిల్లపురుగులూ ఉన్న కింది గది జోలికి ఆయన అసలు పోరు. వలిసె మొక్కకు సొంత పుప్పొడితో గింజ సరిగా కట్టదు, అందుకే ఈగలు వాలిన చేను చూసి రైతుకూ సంబరమే. చెక్కిన మైనపు తునకలు మాత్రం పిల్లల వాటా. తీపంతా పీల్చేదాకా నములుతూనే ఉంటారు.