వినబడని పాట: గాయకుని మమకారం, విమర్శకుని బాధ్యత



ఈ భాగంలో ఒక ప్రశ్నను పరిశీలిద్దాం: అందరికీ తెలిసిన పాటే మంచి పాటా?

మాది బాన్సువాడ. నా చిన్నతనంలో మాకు పాట అంటే రేడియోనే. శ్రోతలు కార్డు రాసి కోరిన పాటలే మళ్లీ మళ్లీ వచ్చేవి. అప్పటి 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డు ఒక్కో వైపున సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. నిడివి ఎక్కువైన యక్షగాన ఘట్టాలకు ఆ కొలత ఇరుకు. కాబట్టి ప్రసిద్ధి పాట గుణాన్ని బట్టి మాత్రమే రాదు, దాన్ని మోసిన సాధనాన్ని బట్టి కూడా వస్తుందని గమనించండి.

ఈ మరుపును తగ్గించిన గాయకుల్లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ముఖ్యులు. 1967లో విడుదలైన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో నేపథ్య గాయకుడైన ఆయన, 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’ ద్వారా పాత పాటలను కొత్త గొంతులకు అందించారు. పాట ముగిశాక రచయితనూ స్వరకర్తనూ తలచి, ఒక పదం విరుపునో ఒక సంగతి అందాన్నో విడమరిచి చెప్పేవారు. పాటను పదిమంది శ్రమగా చూపడం ఆయన చేసిన మేలు.

అయితే ఒక పరిమితి ఉంది. వేదిక మీద పాడిన పాట తన సన్నివేశం నుంచి విడిపోతుంది. గాయకుని మమకారం పాటను బతికిస్తుంది. దాన్ని తిరిగి కథలో నిలబెట్టి చూడటం విమర్శకుని పని.

‘మల్లీశ్వరి’ (1951) చూడండి. దర్శకుడు బి.ఎన్. రెడ్డి, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, రచన దేవులపల్లి కృష్ణశాస్త్రి. మేఘాన్ని పిలిచే యుగళగీతం అందరికీ గుర్తుంటుంది. అదే చిత్రంలోని ‘ఉషాపరిణయం’ యక్షగానాన్ని తలచేవారు తక్కువ. కథాపరంగా దాని విలువ చిన్నది కాదు. ఉష అంతఃపురంలో ఉంటుంది. ప్రియుడు అనిరుద్ధుడు రహస్యంగా అక్కడికి చేరి, బాణాసురుడికి బందీ అవుతాడు. మల్లీశ్వరి రాణివాసంలో చిక్కుకున్నది. ఆమె కోసం రాజమందిరంలోకి వచ్చిన బావ నాగరాజు కూడా పట్టుబడతాడు. పురాణ కథ ముసుగులో ఆమె కథే వినిపిస్తున్నది. యుగళగీతం వారి ప్రేమను చెబుతుంది, యక్షగానం ఆ ప్రేమకు అడ్డుగా ఉన్న అధికారాన్ని చూపుతుంది. రెండోది వినకపోతే చిత్రాన్ని సగమే అర్థం చేసుకున్నట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అరుదైనదంతా గొప్పది కాదు. కొన్ని పాటలు బలహీనంగా ఉండటం వల్లనే మరుగున పడ్డాయి. పాట కథకు ఏమి చేర్చిందో చూపగలిగినప్పుడే మన అభిమానం విమర్శ అవుతుంది.

నా తరగతుల్లో ఒక చిత్రం పేరు చెబితే విద్యార్థులు రెండు పాటలు చెప్పి ఆగిపోయేవారు. తప్పు వారిది కాదు, వారికి చేరినవి ఆ రెండే. నేడు పూర్తి చిత్రం మీ ఫోనులోనే దొరుకుతుంది. అయినా పాట రాగానే ముందుకు జరిపేస్తే, రికార్డు చేసిన పనినే మన వేలు చేస్తుంది.

అభ్యాసం: మీకు నచ్చిన సంగీత ప్రధాన చిత్రాన్ని పూర్తిగా చూడండి. మీ ఇంట్లో ఎవరికీ గుర్తులేని ఒక పాటను ఎంచుకోండి. అది లేకపోతే కథ ఏమి కోల్పోతుందో పది వాక్యాలలో రాయండి. ఏమీ కోల్పోదని తోస్తే, అదీ కారణంతో రాయండి.