కత్తి మేలా, గొడ్డలి మేలా? - మైన్‌క్రాఫ్ట్‌లో ఆయుధాల సమతూకం

గత భాగంలో ఒక వీడియో గేమ్‌ను విమర్శించడమంటే దాని బొమ్మలనో, కథనో మెచ్చుకోవడం మాత్రమే కాదని, దాని నియమాలను చదవడమని తెలుసుకున్నారు. ఆ పద్ధతిని ఈ భాగంలో ఒక ఉదాహరణకు అన్వయిద్దాం. స్వీడన్‌కు చెందిన మొజాంగ్ సంస్థ 2011లో పూర్తి రూపంలో విడుదల చేసిన మైన్‌క్రాఫ్ట్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివారికి ఒక్క మాట: ఇందులో ఆటగాడు ఖాళీ చేతులతో మొదలవుతాడు. చెట్టు కొట్టాలి, రాయి తవ్వాలి, ఇనుము కరిగించాలి, రాత్రి వచ్చే జాంబీల నుంచి, అస్థిపంజరాల నుంచి ప్రాణం కాపాడుకోవాలి. ఆయుధాన్ని కూడా ఆటగాడే తయారు చేసుకోవాలి. మన చర్చకు ఈ చివరి విషయం ముఖ్యం.

కంప్యూటర్‌పై ఆడే జావా ఎడిషన్‌లో 2016 ఫిబ్రవరి 29న 1.9 వెర్షన్ వచ్చింది. అంతకు ముందు పోరాటం సులభమైన వ్యవహారం. మౌస్‌ను ఎంత వేగంగా నొక్కితే అన్ని దెబ్బలు. దెబ్బ తగిలిన జీవికి అర సెకను పాటు మరో దెబ్బ తగలదన్న నియమం ఉన్నప్పటికీ, ఆ అర సెకను ముగిసిన క్షణంలోనే తిరిగి కొట్టగలిగేది వేళ్లు చురుకైనవాడే. గొడ్డలి నష్టం కత్తి కంటే ఒక పాయింటు తక్కువ కాబట్టి, కత్తి ఉండగా గొడ్డలిని ఆయుధంగా వాడడానికి కారణమే ఉండేది కాదు. 1.9 వెర్షన్ ప్రతి ఆయుధానికీ ఒక విరామాన్ని నిర్ణయించింది. దీన్నే కూల్‌డౌన్ అంటారు. విరామం పూర్తికాకుండా కొడితే దెబ్బ బలం ఐదో వంతు దాకా పడిపోతుంది. అదే సమయంలో గొడ్డలి బలం పెంచారు, డాలును ప్రవేశపెట్టారు.

ఇప్పుడు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఇనుప కత్తి ఒక దెబ్బకు 6 పాయింట్ల నష్టం చేస్తుంది, సెకనుకు 1.6 దెబ్బలు వేస్తుంది. ఇనుప గొడ్డలి 9 పాయింట్లు, సెకనుకు 0.9 దెబ్బలు. గుణిస్తే కత్తికి సెకనుకు 9.6, గొడ్డలికి 8.1 వస్తాయి. చాలామంది ఇక్కడే ఆగి కత్తే మేలని తీర్పు చెబుతారు. తొందరపడకండి. సగటు ఎవరినీ చంపదు, దెబ్బలే చంపుతాయి. అస్థిపంజరానికి 20 పాయింట్ల ప్రాణం ఉంటుంది. దానికి కత్తితో నాలుగు దెబ్బలు, గొడ్డలితో మూడు దెబ్బలు కావాలి. మొదటి దెబ్బ వెంటనే పడుతుంది కనుక కత్తికి సుమారు 1.9 సెకన్లు, గొడ్డలికి 2.2 సెకన్లు పడతాయి. ఇక్కడి తేడా కూడా సగటు చూపినంతే. ఇక ఎగిరి కిందికి దిగుతూ కొడితే నష్టం ఒకటిన్నర రెట్లు అవుతుంది. అప్పుడు కత్తికి మూడు దెబ్బలు, 1.25 సెకన్లు, గొడ్డలికి రెండే దెబ్బలు, సుమారు 1.1 సెకన్లు. ఫలితం తారుమారైంది! నేల మీద నిలబడి కొట్టేవాడికి కత్తి, ఎగిరి కొట్టడం నేర్చినవాడికి గొడ్డలి. పైగా ఎదుటి ఆటగాడు డాలు అడ్డు పెట్టుకుంటే గొడ్డలి దెబ్బ దాన్ని 5 సెకన్లపాటు పనికిరాకుండా చేస్తుంది. కత్తికి ఆ శక్తి లేదు. గుంపు చుట్టుముట్టినప్పుడు మాత్రం ఒకే ఊపులో పక్కవారినీ తాకే గుణం కత్తిదే.

అయితే ఇది మనుగడ ఆట. పోటీ ఆటల్లో లేని ఒక ప్రశ్న ఇక్కడ ఉంది: ఆయుధం ఖరీదెంత? కత్తికి రెండు ఇనుప కడ్డీలు, గొడ్డలికి మూడు. రెండింటి మన్నికా 250. కానీ శత్రువును కొట్టిన ప్రతిసారీ కత్తి మన్నికలో 1 తగ్గితే గొడ్డలి మన్నికలో 2 తగ్గుతుంది. అంటే కత్తి 250 దెబ్బలు, గొడ్డలి 125 దెబ్బలు. మొత్తం నష్టాన్ని కడ్డీల సంఖ్యతో భాగిస్తే కత్తి ఒక్కో కడ్డీకి 750 పాయింట్లు ఇస్తుంది, గొడ్డలి 375. సరిగ్గా సగం. గని లోపల ఇనుము దొరకక తిరుగుతున్నవాడికి ఈ లెక్కే అసలు సమతూకం. గొడ్డలి చెట్లు కూడా కొడుతుంది కదా అని మీరు అనవచ్చు. నిజమే, కానీ శత్రువుల మీద అరగదీసిన గొడ్డలి రేపు చెట్టు కొట్టడానికి మిగలదు. ఈ ఇబ్బందిని నియమంగా మలచడం నా దృష్టిలో ఈ ఆటలోని అత్యంత తెలివైన పని.

లోపం లేకపోలేదు. రాతి గొడ్డలిని చూడండి. మూడు మామూలు రాళ్లతో, ఆట మొదలైన కొద్ది నిమిషాల్లోనే తయారవుతుంది. దాని నష్టం కూడా 9 పాయింట్లే! ఇనుప గొడ్డలికీ, చివరికి వజ్రపు గొడ్డలికీ అంతే. వేగంలో స్వల్ప తేడా, మన్నికలో తేడా తప్ప ఒక్క దెబ్బ బలంలో మెట్టు లేదు. కష్టపడి లోతుకు దిగినవాడికి బలమైన ఆయుధం దక్కాలన్నది ఈ ఆట ఇచ్చే మాట. కత్తి విషయంలో ఆ మాట నిలబడింది: కర్రకు 4, రాతికి 5, ఇనుముకు 6, వజ్రానికి 7. గొడ్డలి విషయంలో తప్పింది.

మార్పును అందరూ అంగీకరించలేదు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే సర్వర్లలో చాలా ఏళ్ల తరబడి 1.8 నాటి పద్ధతే కొనసాగింది. వారిది మొండితనమని కొట్టిపారేయకూడదు. వేళ్ల చురుకుదనం ఒక నైపుణ్యం, ఏళ్ల సాధనతో వచ్చినది. ఒక వెర్షన్‌తో దాని విలువ పడిపోయింది. మొజాంగ్‌కు చెందిన యెన్స్ బెర్గెన్‌స్టెన్ 2019, 2020 సంవత్సరాల్లో కొత్త పోరాట నియమాలను ప్రయోగాత్మకంగా విడుదల చేయడమే ఈ వివాదం సద్దుమణగలేదనడానికి సాక్ష్యం.

మీరు ఫోన్‌లో ఆడుతున్నట్లయితే ఇంతవరకు వేసిన లెక్కలు మీకు వర్తించవు. ఫోన్‌లో నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. అందులో కూల్‌డౌన్ లేదు, గొడ్డలి ఇప్పటికీ కత్తి కంటే ఒక పాయింటు తక్కువే. ఒకే పేరు, ఒకే బొమ్మ, అదే ఇనుము. నియమం మారడంతో ఆయుధం మారిపోయింది. కాబట్టి "మైన్‌క్రాఫ్ట్‌లో గొడ్డలి గొప్పది" అనే వాక్యం మీ జవాబు పత్రంలో కనిపిస్తే, ఏ ఎడిషన్‌లో అని పరీక్షకులు అడుగుతారు.

2024 జూన్‌లో వచ్చిన 1.21 వెర్షన్ గదను చేర్చింది. మన భీముడికి గద భుజబలానికి గుర్తు. ఇక్కడ గదకు బలం ఎత్తు నుంచి వస్తుంది. ఎంత ఎత్తు నుంచి పడుతూ కొడితే అంత నష్టం, దెబ్బ తగిలితే పడ్డవాడికి గాయం ఉండదు, తప్పితే పూర్తి గాయం. ఎనిమిది దిమ్మెల ఎత్తు నుంచి కొట్టిన దెబ్బ జావాలో 28 పాయింట్లు. కవచం లేని ఆటగాడికి ఉన్న ప్రాణం 20.

అభ్యాసం: గద తయారీకి కావలసిన బరువైన కోర్ చాలా అరుదుగా దొరుకుతుంది. ఇనుప కత్తికి, గొడ్డలికి వేసినట్లే గదకూ ఖరీదు, ప్రమాదం, ప్రయోజనాలను లెక్కించి, ఆ అరుదుదనం దాని బలానికి తగినదో కాదో 15 పంక్తుల్లో వాదించండి.