జనాభా నియంత్రణ – సంఘము వైఖరి: రెండు పత్రాలపై విమర్శనాత్మక పరిశీలన

సంతాన పరిమితిని గూర్చి క్రైస్తవ సంఘము వెలువరించిన పత్రాలలో రెండు ముఖ్యమైనవి. 1930లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ మహాసభ చేసిన 15వ తీర్మానం మొదటిది. తగిన నైతిక కారణం ఉన్నప్పుడు, క్రైస్తవ సూత్రాలకు లోబడి గర్భనిరోధక పద్ధతులను అది అనుమతించింది. 1968లో ఆరవ పౌలు పోపు వెలువరించిన 'హుమానే వీటే' లేఖ రెండవది. అది కృత్రిమ పద్ధతులను నిషేధించి, స్త్రీ ఋతుచక్రాన్ని అనుసరించి సంయమనం పాటించడాన్ని మాత్రమే అంగీకరించింది. ఈ రెండింటినీ మన దేశ అనుభవం వెలుగులో పరిశీలించడం మా ఉద్దేశం.

ప్రొటెస్టెంటులు తరచుగా 'హుమానే వీటే'ను ఒక్క మాటతో తోసివేస్తారు. అది న్యాయం కాదు. ప్రభుత్వాలు ఈ పద్ధతులను ప్రజలపై బలవంతంగా రుద్దవచ్చునని ఆ లేఖ 17వ విభాగంలో హెచ్చరించింది. అత్యవసర పరిస్థితి కాలంలో అదే జరిగింది. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అయితే బలవంతాన్ని ఖండించుటకు పద్ధతులనే నిషేధించనవసరం లేదు. పైగా భార్య కాదనలేని ఇంట్లో సంయమనం భర్త దయమీదనే ఆధారపడుతుంది. లేఖలోని బలహీనత ఇదే.

లాంబెత్ తీర్మానం నిర్ణయాన్ని మనస్సాక్షికి విడిచిపెట్టింది. మన సంఘాలు కూడ ఆ బాటలోనే నడిచాయి. నిషేధించలేదు, బోధించనూ లేదు. ఫలితమేమి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా స్థిరంగా ఉండుటకు కావలసిన 2.1 కంటె ఇది తక్కువ. కాని 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకొన్నవారే. పురుషుల వేసెక్టమీ ఒక్క శాతం కూడ లేదు. వేసెక్టమీయే సులువైన ఆపరేషన్ అయినా భారమంతా స్త్రీ మోస్తున్నది. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరాలలో ఆపరేషన్ అయిన 13 మంది స్త్రీలు మరణించారు. ఇట్టి శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మనస్సాక్షి ఎవరిది, శరీరం ఎవరిది అని లాంబెత్ అడగలేదు, మనమూ అడగలేదు.

వాక్యము ఈ ప్రశ్నను అడుగుచున్నది. ఆదికాండము 1:28ని ఆజ్ఞగా ప్రకటించే బోధకులు, 1:22లో చేపలకూ పక్షులకూ అదే దీవెన ఉన్నదని గమనించాలి. అది ఆశీర్వాదమే గాని లెక్క కాదు. 1 కొరింథీయులకు 7:4 భార్య శరీరంతోపాటు భర్త శరీరాన్ని గూర్చియు మాట్లాడుచున్నది. కావున ఆపరేషన్ భారాన్ని భార్యకే వదలుట ఆ వచనానికి తగదు. నిర్గమకాండము మొదటి అధ్యాయంలోని మంత్రసానులు రాజాజ్ఞకు కాక దేవునికి భయపడ్డారు.

2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదనే నిబంధనను తొలగించింది. అన్యాయమైన నిబంధన పోవడం మంచిదే. కాని అదే సంవత్సరం ఎక్కువమంది పిల్లలను కనమనే పిలుపు కూడ వినబడింది. నాడు తగ్గించమన్నారు, నేడు పెంచమంటున్నారు; రెండుసార్లూ లెక్కలోకి వచ్చినది స్త్రీ గర్భమే.

కావున కాపరులు వివాహానికి ముందు ఇచ్చే ఉపదేశంలో ఈ విషయాన్ని దాటవేయరాదని మా అభిప్రాయం. కాన్పుల మధ్య ఎడమును, వేసెక్టమీని, భార్య సమ్మతిని గూర్చి వరునితో కూడ సూటిగా మాట్లాడాలి. బలవంతం లేనంతమాత్రాన పద్ధతి మానవీయం కాదు. భారమును ఇద్దరూ పంచుకొన్నప్పుడే అది మానవీయం.