సంతతి నియంత్రణ: ఒక గ్రంథమూ, కొల్లేటి ప్రాంతపు ప్రశ్నలూ

మౌలానా సయ్యద్ అబుల్ ఆలా మౌదూదీ 1930ల దశకంలో ఉర్దూలో రచించిన ‘ఇస్లాం ఔర్ జబ్తె విలాదత్’ ఉపఖండపు ముస్లిములలో సంతాన నిరోధంపై చర్చ వచ్చినప్పుడల్లా ముందుగా స్మరణకు వచ్చే గ్రంథం. దానిని స్వయంగా చదవనివారు కూడా దాని వాదాన్నే వినిపిస్తూ ఉంటారు. అటువంటి గ్రంథాన్ని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల తెలుగు ముస్లిం కుటుంబాల స్థితిగతులను ఎదుట పెట్టుకొని చదివితే దాని బలమూ, దాని కొరతా రెండూ తేటపడతాయి.

బలం గురించి ముందు చెప్పాలి. భూమి ఇంతే, తినే నోళ్లు అధికం, కనుక బీదరికం అనే మాల్థస్ లెక్కను మౌలానా అంగీకరించలేదు. ఉపాధి ప్రదాత అల్లాహ్ అనే విశ్వాసాన్ని ఆర్థిక వాదంతో జోడించి దానిని ఖండించారు. ఈ ఖండనకు కొల్లేరు మంచి సాక్ష్యం. సరస్సు గర్భం చేపల చెరువులుగా మారిన దశాబ్దాలలో ఇక్కడి చేప కలకత్తాకు, ఈశాన్య రాష్ట్రాలకు లారీలలో తరలిపోయింది. ఉత్పత్తికి లోటు లేదు. 1999లో సరస్సును పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర అయిదవ కాంటూరు లోపలి చెరువు గట్లను ధ్వంసం చేశారు. ఈ రెండు దశలలోనూ కూలివాని ఇంట పొయ్యి వెలగడం, ఆరిపోవడం అతని పిల్లల సంఖ్యను బట్టి జరగలేదు. చెరువు ఎవరి చేతిలో ఉన్నదనే దానిని బట్టి జరిగింది. ‘పిల్లలు ఎక్కువ కనుక పేదవారు’ అనే మాటను తలక్రిందులు చేసి చూడవలసిన అవసరం కూడా ఉన్నది. ఏలూరు తివాచీల మగ్గంపై పనిచేసే ఇంటికి చేతులే ఆస్తి. అక్కడ ఎక్కువమంది సంతానం అజ్ఞానం వల్ల కాక వృత్తి లెక్క వల్ల కూడా కలుగుతుంది.

ప్రభుత్వ ఉద్యమంగా సంతాన నిరోధం ఎంత దూరం పోగలదో మౌలానా ముందే హెచ్చరించారు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 నవంబరులో, హర్యానాలోని మేవ్ ముస్లిముల గ్రామం ఉటావర్‌ను పోలీసులు చుట్టుముట్టి మగవారిని ఆపరేషన్లకు తరలించిన ఉదంతం ఆ హెచ్చరికను నిజం చేసింది. ఆంధ్రప్రదేశ్ చరిత్ర ఇంత క్రూరం కాదు గాని, మరొక విధంగా విచిత్రం. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదని 1994లో శాసనం చేసిన రాష్ట్రమే 2024 నవంబరులో ఆ నిబంధనను తొలగించింది. ముఖ్యమంత్రియే ఇంకా పిల్లలను కనండని కోరుతున్నారు. నిన్న తల్లిని లెక్కించి వద్దన్న ప్రభుత్వం, నేడు లెక్కించి కావాలంటున్నది. దీనిలో మౌలానా వాదానికి విజయం చూచే అభిమానులు ఒక్కక్షణం ఆగాలి. రెండుసార్లూ అడగనిది ఆ తల్లినే.

గ్రంథం కొరత కూడా ఇక్కడే ఉన్నది. అందులో అధిక భాగం పాశ్చాత్య సమాజ పతనంపై చేసిన వాదం. అజ్ల్ (వీర్యాన్ని బయట విడుచుట) హదీసులను మౌలానా దాచలేదు. అవి వ్యక్తిగత అవసరాలకు మాత్రమే గాని ప్రజా ఉద్యమానికి అనుమతి కావన్నారు. ఈ భేదం సరియైనదే. అయితే ఉద్యమాన్ని ఖండించడానికి వెచ్చించినంత శ్రమ, ‘వ్యక్తిగత అవసరం’ అంటే ఏమిటో వివరించడానికి వెచ్చించలేదు. ఆసుపత్రి మెట్లపై కూర్చున్న స్త్రీకి కావలసినది ఈ రెండవదే.

పూర్వ విద్వాంసులు ఈ పని తప్పించుకోలేదు. దివ్యఖుర్ఆన్ అవతరిస్తున్న రోజులలో తాము అజ్ల్ పాటించేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. దానిని గుప్తమైన శిశుహత్యతో పోల్చిన జుదామా (రజి) ఉల్లేఖనం ముస్లింలో ఉన్నది. ఇబ్నె హజ్మ్ రెండవదాన్ని పట్టుకొని నిషేధమన్నారు; అత్యధిక సంఖ్యాకులైన ఫుఖహాలు అనుమతి వైపే నిలిచారు. హనఫీలు భార్య సమ్మతిని షరతుగా పెట్టారు. ఇమామ్ గజాలీ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లోని వివాహ ప్రకరణంలో ఒక్కొక్క ఉద్దేశాన్నే విడదీసి తూచారు: ప్రసవ ప్రమాదం నుంచి భార్యను కాపాడుకోవడం, అధిక సంతానం వల్ల అక్రమార్జనకు లోనుకాకుండా ఉండడం దోషం కావు; ఆడపిల్ల పుడుతుందనే భయంతో చేయడం దోషం. తొమ్మిది శతాబ్దాల నాటి ఈ పుటలు మౌలానా గ్రంథం కంటే ఏలూరుకు దగ్గరగా ఉన్నాయనడం అతిశయోక్తి కాదు. గర్భం కలిగిన తరువాత దానిని తొలగించడం వేరు విషయమని కూడా గజాలీయే స్పష్టం చేశారు. ఆ హద్దును నేటి చర్చలో చాలామంది చెరిపివేస్తున్నారు.

ఇక అసలు చిక్కు. ఫిఖ్హ్ తేలికగా అనుమతించినవి తాత్కాలిక మార్గాలు. శాశ్వతంగా సంతాన శక్తిని పోగొట్టుకోవడాన్ని, సహచరులకు ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిరాకరించిన నపుంసకీకరణతో పోల్చి, నిర్బంధ అవసరం లేనిదే కూడదన్నారు. 1988 డిసెంబరులో కువైత్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా ఇదే నిర్ణయించింది: ఎడం కోసం, దంపతుల పరస్పర సమ్మతితో, హాని లేని తాత్కాలిక నియంత్రణ ధర్మసమ్మతం, శాశ్వత నిరోధం అత్యవసరంలో తప్ప కాదు. ఇప్పుడు రాష్ట్రపు అంకెలు చూడండి. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారి ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. తాత్కాలిక పద్ధతులన్నీ కలిపినా ఒకటి రెండు శాతం. అనగా షరీఅత్ తలుపు తెరిచిన చోట ఎవరూ లేరు. తలుపు దాదాపు మూసిన చోటే జనసమూహం. అందులోనూ పాతికేళ్లు నిండని తల్లులు ఎందరో. ‘ఇద్దరు పుట్టారు కదా, ఆపరేషన్ చేయించేసుకో’ అనే అత్తగారికీ, నర్సుకూ మధ్య అంతర ఇంజెక్షన్ గాని, కాపర్-టి గాని, నిరోధ్ గాని ఉన్నాయని చెప్పే మూడవ మనిషి లేదు. మసీదు నుంచి ‘హరామ్’ అనే ఒక్క మాట వినిపించి ఊరుకుంటే, ఆమె తాత్కాలికాన్నీ శాశ్వతాన్నీ ఒకే గాటన కట్టి, రెండూ పాపమే అయినప్పుడు ఒక్కసారితో పోయేదే నయమనుకుంటుంది.

ఈ అజ్ఞానానికి భాష కూడా కారణం. హైజ్, నిఫాస్, గుస్ల్ ప్రకరణాలు ముస్లిం బాలబాలికలకు శతాబ్దాలుగా శరీర విజ్ఞానాన్ని సిగ్గుతోనే, కానీ దాపరికం లేకుండా బోధించాయి. మౌలానా అష్రఫ్ అలీ థానవీ ‘బహిష్తీ జేవర్’ను ఆడపిల్లల కోసమే రాశారు. ధర్మం నేర్చుకోవడానికి సిగ్గును అడ్డు రానీయలేదని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకోవడం సుప్రసిద్ధం. అయితే ఇవన్నీ ఉర్దూలో, అరబ్బీలో ఉండగా గోదావరి మండలంలోని దూదేకుల ఇంటి పిల్ల చదివేది తెలుగు. ఆమె సందేహాలకు విజయవాడ నాస్తికుడు గోరా కుమారుడైన డాక్టర్ సమరం ‘స్వాతి’ పత్రికలో జవాబులు రాశారు. దైవభీతితో సంబంధం లేని ఆ జవాబులలో లోపాలు చూపవచ్చు. కానీ అడిగినవారికి జవాబు దొరికిన చోటు అదే అయినప్పుడు, నింద ఎవరిపై మోపాలి? 2005లో ఆరంభమైన కౌమార విద్యా కార్యక్రమంపై 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ మొదలైన రాష్ట్రాలలో గొడవలు రేగి పాఠాలు నిలిచిపోయినప్పుడు, ‘మా వద్ద దీనికి వేరే పాఠ్యక్రమం ఉన్నది’ అని చూపగలిగిన సమాజం ముస్లిములే. తెలుగులో అటువంటి చిన్న పుస్తకం చేతికిచ్చి ఉంటే చర్చ మరొక రీతిగా సాగేది.

మౌలానా గ్రంథం చెప్పనిది మరొకటి ఉన్నది. ఆపరేషన్ ఇదివరకే అయిపోయిన స్త్రీ మాట. నసబందీ చేయించుకున్నవారికి జనాజా నమాజు లేదనే మాట ఉపఖండమంతటా పాకింది. దానికి ఫిఖ్హ్‌లో ఆధారం లేదు. తెలియక చేసినా, బలవంతాన చేసినా, తెలిసి చేసి పశ్చాత్తాపపడినా ఆమె నమాజు నమాజే, హజ్ హజ్జే, ఆమె జనాజా ఇతర ముస్లిముల జనాజా వంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మాట వినవలసిన ముస్లిం స్త్రీలు వేలలో కాదు, లక్షలలో ఉన్నారు.