టేపు పట్టిన చెయ్యి

కర్ణాటక సరిహద్దునున్న అమరాపురంలో పెళ్ళి కుదిరితే ధర్మవరం పట్టుచీర రావాల్సిందే. దాంతోపాటే రవికె గుడ్డా వస్తుంది, సుమారు మీటరు లోపు. కత్తెర దారి తప్పితే అదే అంచుతో మరో ముక్క దొరకదు. కుట్టు విప్పినా పట్టు మీద సూది గుర్తులు మిగులుతాయి. అందుకే లేడీస్ టైలర్ పనితనమంతా మొదట 60 అంగుళాల టేపులోనే కనబడుతుంది.

మంచి టైలరమ్మ ముందు మాటలు కలుపుతుంది. కొలతనగానే పొట్ట లోపలికి లాగేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు మామూలుగా ఊపిరి పీల్చేదాకా ఆగుతుంది. టేపు వీపు మీద జారకుండా చూసి, ఛాతీ, నడుము, భుజం, చంక, చేతి చుట్టు, మెడ లోతు రాసుకుంటుంది. భుజం నుంచి డాట్ పాయింట్ (ఛాతీ మీది మడత కుట్ల కొన) దాకా దూరం విడిగా తీస్తుంది. అది అర అంగుళం కిందికి దిగినా ఎంత ఖరీదైన రవికె అయినా ముడతలే. ఛాతీ 36 అయితే నాలుగో వంతు 9. దానికి వదులు, కుట్టు కలిపి, లోపల మడత కొంత దాచి పెడుతుంది.

కొలతకని ఆది జాకెట్టు ఇచ్చినా పూర్తిగా నమ్మదు. అది ఉతుకులకు కుంచించుకుపోయి ఉండొచ్చు, ఒళ్ళూ మారి ఉండొచ్చు.

కుట్టుకూలి బేరమాడేటప్పుడు ఈ అయిదు నిమిషాల విద్యనూ లెక్కలో వేసుకోండి.